మన గోడకు ఏ ఇటుక?

అత్త, కోడలు ఇల్లు కట్టుకుంటున్నారు. పట్టా కోడలి పేరు మీద వచ్చింది. పునాది పూర్తయింది. ఇక గోడలు లేపాలి.

మేస్త్రి పదివేల ఇటుక కావాలన్నాడు. "బట్టీ వాళ్లతో మాట్లాడాను. రేపే లారీ వస్తుంది" అన్నాడు.

"రెండు రోజులు ఆగన్నా. అడిగి చెబుతా" అంది కోడలు.

అత్తకు కోపం వచ్చింది. "అడిగేదేముందే? ఇల్లంటే ఎర్ర ఇటుకే" అంది.

"అత్తమ్మా, చెరువు కింద మన పొలం సంగతి మర్చిపోయారా?"

అత్త మాట్లాడలేదు. మూడేళ్ల కింద ఆ అరెకరం మట్టిని బట్టీకి అమ్మారు. ఆ డబ్బు ఒక్క పెళ్లికే అయిపోయింది. పొలం గుంతయింది. వానొస్తే నీళ్లు నిలుస్తాయి. పైరు ఎదగదు.

ఎర్ర ఇటుక ఎలా వస్తుంది?

ఒక్కో ఇటుకకు సుమారు మూడు కిలోల మట్టి కావాలి. అది ఎక్కువగా పొలాల పై మట్టే. పైరుకు బలం ఇచ్చేది ఆ మట్టే. అంగుళం పై మట్టి తయారు కావాలంటే వందల ఏళ్లు పడుతుంది. ఇటుక కాల్చడానికి బొగ్గు, కట్టెలు, ఊక కావాలి. ఆ పొగ ఊరి మీద పడుతుంది.

బూడిద ఇటుక ఎలా వస్తుంది?

రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నంలో బొగ్గు కాల్చి కరెంటు తయారు చేస్తారు. మన దేశపు బొగ్గు వంద కిలోలు కాలిస్తే 30 నుంచి 40 కిలోల బూడిద మిగులుతుంది. ఆ బూడిద గుట్టలుగా పడుతుంది. గాలికి లేచి ఇళ్లలోకి వస్తుంది.

ఈ బూడిదలో సున్నం, జిప్సం, రాతి పొడి కలిపి ఇటుక చేయవచ్చు. సున్నం, జిప్సం బదులు సిమెంటు కూడా కలుపుతారు. విశాఖపట్నంలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ ఇలాంటి ఒక పద్ధతిని రూపొందించారు. దాని పేరు ఫాల్-జి. ఈ ఇటుకను కాల్చే పని లేదు. నీళ్లతో తడిపితే చాలు, గట్టిపడుతుంది. అన్నీ ఒకే కొలతలో ఉంటాయి. అందుకని గోడకు మాలు తక్కువ పడుతుంది.

కొనేముందు చూడండి

అత్తాకోడళ్లు ఇటుకల యార్డుకు పోయారు. కోడలు ఇలా చూసింది:

1. రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి తట్టింది. ఖంగుమని మోగాలి.
2. గోటితో గీకింది. గీత పడకూడదు.
3. "ఎన్ని రోజులు తడిపారు?" అని అడిగింది. సుమారు రెండు వారాలు తడపాలి. సరిగా తడపని ఇటుకతో కడితే గోడ పగులుతుంది.
4. ఒక ఇటుక తూకం వేయించి, ఒక రోజు నీళ్లలో ఉంచమంది. మూడు కిలోల ఇటుక నాని 3 కిలోల 600 గ్రాములు దాటకూడదు.

అత్త ఊరుకోలేదు. ఒక ఇటుక ఎత్తి నడుము ఎత్తు నుంచి నేల మీద వదిలింది. ఇటుక పగల్లేదు.

"రేపు నానిన ఇటుక తూకం కూడా చూద్దాం. అప్పుడే బయానా ఇద్దాం" అంది అత్త.

బూడిద ఇటుక దొరక్కపోతే?

దూరం నుంచి తెస్తే లారీ కిరాయి ఎక్కువవుతుంది. అప్పుడు మట్టి దిమ్మెలు చేసుకోవచ్చు. పునాది తవ్విన మట్టి నూరు పాళ్లకు 5 నుంచి 10 పాళ్ల సిమెంటు కలపాలి. చేతి యంత్రంలో నొక్కి, నీడలో పెట్టి, మూడు వారాలు తడపాలి. వీటినీ కాల్చే పని లేదు. నల్లరేగడి మట్టి మాత్రం దీనికి పనికిరాదు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది.

మాట్లాడుకోండి

మీ ఊళ్లో ఎవరైనా పొలం మట్టి అమ్మారా? ఆ పొలం ఇప్పుడు ఎలా ఉంది?
మీ ఇంటికి ఇటుక ఎవరు ఎంచారు? మిమ్మల్ని అడిగారా?

లెక్క చేయండి

ఒక ఎర్ర ఇటుకకు 3 కిలోల మట్టి. పదివేల ఇటుకలకు ఎన్ని టన్నులు?

రాయండి

మట్టి, ఇటుక, సున్నం, బూడిద, గోడ, పొలం.
మన ఇల్లు కట్టాలి. మన పొలం నిలవాలి.