నత్త నేర్పిన జ్ఞాపకశక్తి పాఠం



రాత్రి బట్టీ పట్టిన జవాబు పొద్దున పరీక్షలో గుర్తుకు రాదు. చిన్నప్పుడు అవ్వ నేర్పిన పాట మాత్రం ఎన్నేళ్లయినా పోదు. ఎందుకిలా? దీనికి జవాబు వెతికిన శాస్త్రవేత్త ఎరిక్ కాండెల్. ఆయన పరిశోధన గురించి తెలుసుకుందాం.

ఎవరీయన?

కాండెల్ 1929లో ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో పుట్టారు. నాన్నది బొమ్మల కొట్టు. 1938లో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. వీళ్లు యూదులు కాబట్టి ఎన్నో బాధలు పడ్డారు. 1939లో తొమ్మిదేళ్ల కాండెల్ తన అన్నతో కలిసి ఓడెక్కి అమెరికా చేరారు. అమ్మానాన్నలు తర్వాత వచ్చారు. వియన్నాలో పడిన బాధలు ఆయన మనసులోంచి పోలేదు. జ్ఞాపకం మీద ఆసక్తి అక్కడే మొదలైందని ఆయనే చెప్పారు. ముందు చరిత్ర, సాహిత్యం చదివి, తర్వాత డాక్టరు అయ్యారు.

నత్త ఎందుకు?

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. అందులో ఏది ఏం చేస్తుందో వెతకడం చాలా కష్టం. అప్లీసియా అనే సముద్రపు నత్తకు ఉన్నవి సుమారు 20,000 మాత్రమే. వాటిలో కొన్ని కంటికి కనిపించేంత పెద్దవి. నత్తతో ఏం తెలుస్తుందని తోటి శాస్త్రవేత్తలు వద్దన్నారు. ఆయన వినలేదు. 1962లో పారిస్ వెళ్లి ఆ నత్తపై పని నేర్చుకున్నారు.

ప్రయోగం

ఈ నత్త ఒంటి మీద నీటిని బయటకు పంపే చిన్న గొట్టం ఉంటుంది. దాన్ని మెల్లగా తాకితే నత్త తన మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. మన అత్తిపత్తి ఆకు ముడుచుకున్నట్టే అనుకోండి. తోకకు ఒకసారి కరెంటు షాకు ఇచ్చి, మళ్లీ గొట్టాన్ని తాకితే ఇంకా గట్టిగా ముడుచుకుంటుంది. అంటే షాకు దానికి గుర్తుంది. కానీ ఆ గుర్తు కొన్ని నిమిషాలే. అదే షాకును మధ్యమధ్య విరామం ఇస్తూ చాలాసార్లు ఇస్తే ఆ గుర్తు రోజుల తరబడి ఉంటుంది.

లోపల ఏం జరుగుతుంది?

ఒక నాడీకణం ఇంకో కణానికి కబురు అందించే చోటును సైనాప్స్ అంటారు.

1. కొద్దిసేపటి జ్ఞాపకం: షాకు తగలగానే సెరటోనిన్ అనే రసాయనం విడుదలవుతుంది. దానివల్ల కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. అది కైనేజ్ ఏ అనే ఎంజైమును పనిలోకి దింపుతుంది. అప్పుడు సైనాప్స్ దగ్గర కబురు గట్టిగా వెళుతుంది. కొత్తగా ఏదీ కట్టలేదు కాబట్టి ఇది త్వరగా పోతుంది.

2. ఎక్కువ కాలం ఉండే జ్ఞాపకం: షాకు మళ్లీ మళ్లీ తగిలితే ఆ ఎంజైము కణ కేంద్రకంలోకి వెళ్లి క్రెబ్ అనే ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. క్రెబ్ కొన్ని జన్యువులను పని చేయిస్తుంది. కొత్త ప్రోటీన్లు తయారై, కొత్త సైనాప్స్‌లు మొలుస్తాయి. ప్రోటీన్లు తయారు కాకుండా ఆపితే కొద్దిసేపటి జ్ఞాపకం ఉంటుంది గానీ, రెండోది ఏర్పడదు.

ఎలుకల్లో కూడా జ్ఞాపకానికి క్రెబ్ కావాలని తర్వాత తేలింది. ఈ కృషికి కాండెల్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. అర్విడ్ కార్ల్‌సన్, పాల్ గ్రీన్‌గార్డ్ ఆయనతో కలిసి అందుకున్నారు.

మనకేంటి?

నత్త నేర్చుకున్నది షాకును, మనం నేర్చుకునేది పాఠాలను. రెండూ ఒకటి కావు. అయినా విరామం ఇచ్చి మళ్లీ చదివితే బాగా గుర్తుంటుందని మనుషులపై చేసిన పరీక్షల్లోనూ తేలింది. ఒకే రాత్రి పదిసార్లు చదివే బదులు ఈ రోజు, ఎల్లుండి, మళ్లీ వచ్చే వారం చదవండి.

ఒకసారి చెప్తే రాలేదని ఎవరినీ మొద్దు అనకండి. కొత్త సైనాప్స్‌లు మొలవడానికి టైము పడుతుంది. వార్డెన్ సార్లకు ఒక మనవి: రాత్రి స్టడీ అవర్లో పదిహేను నిమిషాలు పాత పాఠాలకు ఇప్పించండి.

చెప్పుకోండి చూద్దాం!

1. అప్లీసియాకు ఎన్ని నాడీకణాలు?
2. క్రెబ్ పని ఏమిటి?
3. ఒక్క షాకు ఎందుకు ఎక్కువ కాలం గుర్తుండదు?

జవాబులు పైనే ఉన్నాయి. ఇప్పుడు చూడకండి, రేపు వచ్చి చూసుకోండి!