మన యాకాశమున కొంగలు, విమానములు

ఆకాశమును చూచుట రైతునకు క్రొత్త గాదు. మృగశిర కార్తె ప్రవేశించిన నాటినుండి మనమందఱము తలయెత్తి మబ్బుకై వెదకువారమే. మబ్బు కానరాకున్నచో పైన నేమియు లేదని తలంచి తల దించుకొందుము. కాని చిలమత్తూరు ప్రాంతపు టాకాశమున రెండు తెగల బాటసారులు సంచరించుచున్నారు. ఒక తెగ వీరాపురము చింతచెట్లకు వచ్చు కొంగలు. రెండవ తెగ దేవనహళ్ళికి దిగబోవు విమానములు. ఈ రెంటిని గుఱించియు మన గ్రామములలో పెక్కు పొరపాటు మాటలు వ్యాపించియున్నవి. వానిలో కొన్ని వినోదమునకు మాత్రమే పనికివచ్చును. కొన్ని రైతునకు నష్టము దెచ్చును. అందుచే నీ నెల పాఠమునకు ఈ విషయమును గైకొంటిమి.

మొదట విమానముల సంగతి. దేవనహళ్ళియొద్ద కట్టిన కెంపేగౌడ విమానాశ్రయము 2008 మే నెలలో తెఱవబడినది. పటమును చూచినచో అది మనకు సరిగా దక్షిణమున, నేరుగా కొలిచిన సుమారు 70 కిలోమీటర్ల దూరమున నున్నది. దిగబోవు విమానము సామాన్యముగా ఇరువది మీటర్లు ముందునకు సాగునప్పటికి ఒక మీటరు క్రిందికి దిగును. ఈ లెక్క ప్రకారము ఉత్తరమునుండి మన పొలములమీదుగా అక్కడికి పోవు విమానము మన తలపై మూడున్నర, నాలుగు కిలోమీటర్ల యెత్తున నుండవలెను. దాని రెక్కలు, తోక స్పష్టముగా కనబడును. ఎచ్చటను దిగక దూరదేశములకు పోవునవి పది పదునొకండు కిలోమీటర్ల యెత్తున పోవును. అవి ఎండలో మెఱయు సూదిమొనవలె నుండును.

విమానపు ధ్వని వినబడిన దిక్కున చూచి, "ఏదీ? కానరాదే" యని పిల్లలు విసుగుకొనుట మన మెఱిగినదే. ధ్వని ఒక కిలోమీటరు నడచుటకు సుమారు మూడు సెకండ్లు పట్టును. పది కిలోమీటర్ల యెత్తుననున్న విమానపు మ్రోత మన చెవి సోకుటకు అరనిమిషము కావలెను. ఈ లోపల గంటకు 900 కిలోమీటర్ల వేగముతో పోవు ఆ విమానము ఏడు కిలోమీటర్లకు పైగా ముందునకు సాగిపోవును. కాబట్టి మ్రోత వచ్చు చోట గాక, అది పోవు దిక్కున చాల ముందునకు చూడవలెను. రాత్రివేళ గుర్తించుట మఱియు సులభము. ప్రతి విమానమునకు ఎడమ రెక్కపై ఎఱ్ఱదీపము, కుడి రెక్కపై పచ్చదీపము నుండును; వీనికి తోడు మినుకుమినుకుమను దీపములును గలవు. మినుకక, చప్పుడు లేక, నిదానముగా సాగిపోవు చుక్క యున్నచో అది విమానము గాదు, భూమిచుట్టు తిరుగు ఉపగ్రహము.

మిక్కిలి యెత్తున పోవు విమానము వెనుక నొక్కొకప్పుడు తెల్లని గీత యేర్పడును. అది పొగ గాదు, మందు గాదు. ఇంజనునుండి వెడలు నీటియావిరి అచ్చటి గడ్డకట్టు చలికి మంచురేణువులగుటయే. పుష్యమాసపు వేకువను మన నోటి యావిరి తెల్లగా కనబడుట వంటిదే యిది. గీత వెంటనే మాసిపోయినచో పైగాలి పొడిగా నున్నదనియు, చాలసేపు నిలిచి వెడల్పయినచో పైగాలియందు తేమ గలదనియు గ్రహింపవచ్చును. అంతకుమించి ఆ గీత వానను దేదు, వానను గొనిపోదు.

ఇచ్చట నొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. "మబ్బు కట్టగానే విమానము వచ్చి చెదరగొట్టిపోవుచున్నది" అను మాటను మేము రచ్చబండలమీద పలుమాఱులు వింటిమి. గాలిమరలపైనను ఇట్టి నిందయే కలదు. ఉఱుముల మబ్బు పండ్రెండు, పదునైదు కిలోమీటర్ల యెత్తువఱకు పెరుగును. దానిలోనికి పోవుటకు విమానమే భయపడి ప్రక్కకు తొలగిపోవును గాని, దానిని చెదరగొట్టజాలదు. 2003 మొదలు కొన్ని సంవత్సరములు రాష్ట్ర ప్రభుత్వమువారు అనంతపురము మున్నగు కఱవు జిల్లాలలో విమానములచేత మేఘమథనము చేయించిరి. అందు చల్లిన సిల్వర్ అయొడైడు వాన కురిపించుటకు ఉద్దేశింపబడినదే గాని ఆపుటకు గాదు. ఉన్న మబ్బుపై చల్లవలెనే గాని, లేని మబ్బును అదియును పుట్టింపజాలదు. మనకు వాన తక్కువగుటకు కారణము భూమి యమరికయే. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలపై తన నీటిని చాలవఱకు కుమ్మరించి మనయొద్దకు వట్టిచేతులతో వచ్చును. ఈశాన్యపు వానకు మనము సముద్రమునకు దూరమైతిమి. అందుచేతనే అనంతపురపు మెట్టకు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లే సరాసరి వర్షము. విమానమును తిట్టుచు గట్టుమీద కూర్చున్న రైతు సేద్యపుకుంట త్రవ్వుకొనుట మఱచును. ఒక యెకరముపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో అది నలుబదివేల లీటర్ల నీరు! ఆ నీరు ఎచ్చటికి పోవుచున్నదో చూచుకొనవలసినవాడు రైతే.

ఇక పక్షులు. ఎత్తున నెగురు పక్షిని రంగునుబట్టి గుర్తింపలేము. ఎండకు అన్నియు నల్లగనే యుండును. ఆకారమును చూడవలెను. మెడను ముందునకు, కాళ్ళను వెనుకకు బారజాచి యెగురునది వీరాపురపు జాతి కొంగ. మెడను మడిచి భుజములలోనికి ముడుచుకొని యెగురునది మన వరిమళ్ళలో తిరుగు తెల్లకొంగ. తోక చివర చీలియున్నచో అది గ్రద్ద. వీరాపురపు కొంగ రెక్కలు చాచినచో ఈ కొననుండి ఆ కొనకు ఒకటిన్నర మీటరు, అనగా మూడు మూరలకు పైగా నుండును. అంత బరువైన పక్షి రెక్కలాడించుచు చాల దూరము పోలేదు. కావున ప్రొద్దెక్కి నేల వేడెక్కువఱకు వేచియుండి, పైకి లేచు వేడిగాలిలో గిరగిర తిరుగుచు రెక్క కదపకయే మీదికి పోయి, అక్కడనుండి చెరువువైపునకు జాఱును. వేసవిలో మన దుక్కిచేలలో దుమ్ము లేపు సుడిగాలికిని ఈ గాలికిని కారణ మొక్కటే.

పక్షులును విమానములును ఢీకొనుట మన తలపై జరుగు పని గాదు. విమానములు ఇచ్చట పక్షులకంటె చాల యెత్తున నున్నవి. విమానాశ్రయపు దాపుననే ప్రమాదము. 2009 జనవరి 15న అమెరికాలోని న్యూయార్కులో బాతుల గుంపు తగిలి విమానపు ఇంజనులు రెండును చెడగా, దానిని హడ్సను నదిపై దింపిరి. అందలి 155 మందియు బ్రతికిరి.

గ్రద్దను చెప్పితిమి గనుక రాబందును చెప్పకపోరాదు. నలుబదియేండ్లు దాటినవారికి పశుకళేబరము చుట్టు మూగిన రాబందులు జ్ఞాపకముండును. నేడు వెదకినను కానరావు. దేశమున మూడు జాతుల రాబందులు నూటికి తొంబదికి మించి నశించినవి. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అను మందు కళేబరమునుండి వాని కడుపున చేరి మూత్రపిండములను చెఱచుటయే కారణమని 2004లో తేలినది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించిరి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనువానిని గూడ నిషేధించిరి. పశువునకు నొప్పి కలిగినప్పుడు పశువైద్యుని మెలాక్సికామ్ అడుగుడు. అది రాబందులకు హాని చేయదు. మనుష్యుల మందును అంగడిలో కొని యెద్దునకు పొడుచుట మానవలెను.

వీరాపురము కొంగలను మనవారు "సైబీరియా కొంగలు" అందురు. అది తప్పు. ఇది ఎఱ్ఱకాళ్ళ కొంగ; మన దేశపు పక్షియే. పసుపుపచ్చని పొడవైన ముక్కు, వెండ్రుకలు లేని యెఱ్ఱని తల, వీపు వెనుక గులాబిరంగు ఈకలు దాని గుర్తులు. చలికాలము చివర వచ్చి ఊరినడుమ చింతచెట్లపై గూళ్ళు కట్టి, వానకాలము నడుమవఱకు నుండి, పిల్లలతో వెడలిపోవును. గ్రుడ్డు పొదుగుటకు నెల, పిల్ల యెగురుటకు మఱి రెండు నెలలు. ఆహారము ముఖ్యముగా చిన్నచేపలు. ఈ కొంగ కంటితో గాక స్పర్శతో చేపను పట్టును: మోకాలిలోతు నీట నిలిచి, తెఱచిన ముక్కును నీటనుంచి అటునిటు త్రిప్పి, చేప తగులగానే మూయును. లోతునీరు దానికి పనికిరాదు.

కొంగలు వచ్చినచో వానలు బాగుగా కురియునని పెద్దలందురు. మా యభిప్రాయమున కొంగ రాబోవు వర్షమును చెప్పదు. కురిసిపోయిన వర్షమును చెప్పును. నిరుటి వాన చెరువులో నిలిచి, చేప పెరిగినచో గూళ్ళు హెచ్చును. చెరువెండినచో తగ్గును, పుట్టిన పిల్లలును ఆకలికి క్రిందబడి చచ్చును. కావున వేసంగి వేరుసెనగ కెంత సాహసింపవచ్చునో యోచించువారు వీరాపురము చెట్లను, చెరువుకట్ట మెట్లను కలిపి చూడవచ్చును. పూడిక తీయించునప్పుడు అంచును నిట్టనిలువుగా గోడవలె త్రవ్వక, ఏటవాలుగా విడిచిపెట్టుడు. పశువులు దిగి నీరు త్రాగుటకును అదియే మేలు.

చింతపండు దులుపు కాలమును, కొంగ గూడుకట్టు కాలమును ఒక్కటే. గూళ్ళున్న చెట్టును దులుపరాదు గనుక ఆ పంట చెట్టు గలవానికి నష్టమే. ఈ నష్టము నోర్చుకొను వీరాపురమువారిని ఊరక పొగడి విడిచిపెట్టుట న్యాయము గాదు. మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో అటవీశాఖవారు ఇట్టి చెట్ల యజమానులకు పరిహార మిచ్చు నేర్పాటు చేసిరి. మన సంఘము పక్షమున అట్టి విన్నపము పంపవలెనని సభ్యులు తలంచినచో, చెట్టు చెట్టునకు గూళ్ళ లెక్కయు, యజమాని పేరును వ్రాసియుంచుట మొదటి పని. చెట్టు క్రింద పడు రెట్టలో నత్రజనియు భాస్వరమును గలవు. పచ్చి రెట్టను మొక్క మొదట వేసినచో వేరు మాడును. చెట్టు క్రింద చెఱువుమన్ను పఱచి, కొంగలు వెడలిన పిదప దానిని గీకి పేడదిబ్బలో కలిపి, మాగిన తరువాత మల్బరీ తోటకు గాని కూరగాయమళ్ళకు గాని వేయుడు.