కృత్రిమ మేధ చదివి ప్రభుత్వంలో పనిచేయాలంటే?

ప్రశ్న: మాది పమిడిముక్కల. బీటెక్‌లో ఏఐ చదువుతున్నాను. సివిల్స్ రాయకుండా ప్రభుత్వంలో ఈ రంగంలో పెద్ద బాధ్యత అందుకోగలనా?

జవాబు: అందుకోవచ్చమ్మా. తెలంగాణ ఐటీ శాఖలో ఎమర్జింగ్ టెక్నాలజీస్ విభాగం డైరెక్టరుగా రమాదేవి లంక చేసిన పని చూడండి. ఆ ప్రభుత్వం 2020ని ‘కృత్రిమ మేధ సంవత్సరం’గా ప్రకటించింది. తర్వాత ప్రపంచ ఆర్థిక వేదికతో కలిసి చేపట్టిన ‘సాగు బాగు’ తొలి దశలో ఖమ్మం జిల్లా మిర్చి రైతులు సుమారు 7,000 మందికి సాగు సలహాలు, నాణ్యత పరీక్షలు అందాయి. అలాంటి పనికి వ్యవసాయ శాఖ, అంకుర సంస్థలు, రైతులు ఒక్కమాట మీదికి రావాలి. కోడ్ రాయడం కంటే అదే కష్టమని నా అభిప్రాయం.

కాబట్టి పైథాన్‌తో పాటు టెండరు నిబంధనలు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చదవండి. సెలవుల్లో మీ ఊరి రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. వరి కోశాక మినుము వేసిన చేను ప్రభుత్వ పంట నమోదు విధానమైన ఈ-పంటలో ఎలా నమోదవుతోందో, కౌలు రైతు పేరు ఎక్కడ జారిపోతోందో గమనించి రాసుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ముందు ఆ కాగితాలే చూపించండి.