ఎఫ్‌ఎస్‌డీకి డబ్బు కట్టారా? స్టీరింగ్ మాత్రం వదలకండి

టెస్లా కార్లకు ‘ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్’ (ఎఫ్‌ఎస్‌డీ) అనే అదనపు ప్యాకేజీని 2016 అక్టోబరులో అమ్మకానికి పెట్టారు. ఇకపై తయారయ్యే ప్రతి కారులోనూ, తనంతట తాను నడవడానికి కావలసిన సామగ్రి అంతా ఉంటుందని కంపెనీ అప్పుడే ప్రకటించింది. 2020 కల్లా పది లక్షల రోబోట్యాక్సీలు రోడ్డెక్కుతాయని 2019 ఏప్రిల్‌లో కంపెనీ అధినేత ఎలాన్ మస్క్ చెప్పారు. ప్యాకేజీ ధర 2022లో 15 వేల డాలర్లకు ఎక్కి, 2024లో 8 వేలకు దిగింది. అదే ఏడాది పేరు చివర ‘సూపర్‌వైజ్డ్’ అన్న మాట వచ్చి చేరింది. అంటే డ్రైవరు అనుక్షణం కాపు కాయాల్సిన లెవెల్ 2 సాయం అన్నమాట.

కట్టిన డబ్బుకు సరుకు రాలేదన్న కోపం న్యాయమైనదే. ఆ కోపంతో స్టీరింగ్ ముందు కూర్చోవడమే ప్రమాదం. ‘ఇన్ని వేలు పోశాం, కాసేపు దాన్నే నడపనిద్దాం’ అనిపించినప్పుడే చేతులు జారతాయి. డాలస్, బే ఏరియా, న్యూజెర్సీల్లోని తెలుగువారి గ్యారేజీల్లో ఈ కార్లు మామూలైపోయాయి. 2025 జూలైలో ముంబైలోనూ అమ్మకాలు మొదలయ్యాయి. డబ్బు సంగతి కాగితాల మీద తేల్చుకోండి. రోడ్డు మీద మాత్రం డ్రైవరు మీరే.

చేయవలసినవి

కొనే ముందు

• ఈ రోజున, మీరు ఉండే ఊళ్లో, ఈ కారు ఏమేం చేయగలదో అడిగి రాయించుకోండి.

• ‘త్వరలో’, ‘అనుమతులు వచ్చాక’ అని చెప్పిన ప్రతి పనికీ విలువ సున్నా వేసుకోండి.

• నెలవారీ చందా ఉన్న చోట ముందు ఒక నెలకే తీసుకోండి. అమెరికాలో 2024 ఏప్రిల్‌లో అది 99 డాలర్లకు దిగింది.

• ఆ నెలలో మీరు రోజూ వెళ్లే దారిలోనే, పగటిపూట, వాన లేనప్పుడు పరీక్షించండి.

• కారులోని కంప్యూటర్ ఏ తరానిదో చూడండి. తెర మీద కంట్రోల్స్‌లోకి వెళ్లి, సాఫ్ట్‌వేర్ నొక్కి, వాహనం అదనపు వివరాలు తెరిస్తే కనిపిస్తుంది.

• అది హార్డ్‌వేర్ 3 అయితే మరింత జాగ్రత్తపడండి. ఎఫ్‌ఎస్‌డీ కొన్నవారికి ఆ కంప్యూటర్ మార్చక తప్పదని 2025 జనవరిలో మస్క్ స్వయంగా ఒప్పుకున్నారు.

• ఆస్ట్రేలియాలో ఉన్నవారు ఇది ముఖ్యంగా చూసుకోండి. 2025 సెప్టెంబరులో అక్కడికి ఎఫ్‌ఎస్‌డీ వచ్చినప్పుడు హార్డ్‌వేర్ 4 కార్లకే ఇచ్చారు.

• సెకండ్‌హ్యాండ్ కారైతే ప్యాకేజీ కారుతోపాటు వస్తుందో లేదో అమ్మేవారి చేత రాయించుకోండి.

• డబ్బు చేతులు మారకముందే తెర మీద ప్యాకేజీ పేరు ఉందో లేదో చూసి ఫొటో తీసుకోండి.

• ఒప్పందంలో ఆర్బిట్రేషన్ నిబంధన ఎక్కడుందో వెతకండి; కోర్టుకు పోకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని కట్టిపడేసేది అదే.

• అమెరికాలో కొన్నవారు సంతకం చేసిన 30 రోజుల్లోపు ఆ నిబంధన మాకొద్దని ఉత్తరం రాయండి. 2025 ఆగస్టులో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు సామూహిక దావాకు అనుమతి ఇచ్చినప్పుడు ఈ ఉత్తరం రాసినవారికి అది అక్కరకొచ్చింది.

• ఉత్తరం నకలూ, పోస్టు రసీదూ దాచుకోండి.

నడిపేటప్పుడు

• చేతులు స్టీరింగ్ మీద, చూపు రోడ్డు మీద ఉంచండి.

• ఎఫ్‌ఎస్‌డీని ఎలా ఆపాలో కారు నిలిపి ఉన్నప్పుడే నేర్చుకోండి. అన్నిటికన్నా సులువు, బ్రేకు తొక్కడం.

• బయలుదేరే ముందు కెమెరాల అద్దాలు మెత్తటి గుడ్డతో తుడవండి. 2021 మే నుంచి ఉత్తర అమెరికాకు తయారైన మోడల్ 3, మోడల్ వై కార్లలో రాడార్ తీసేశారు; దారి చూసేది కెమెరాలే.

• ముందు అద్దం పైభాగంలో, కెమెరాల ఎదుట, లోపలి వైపు మసక పట్టిందేమో చూడండి.

• ఎదురెండ, పొగమంచు, దుమ్ము కనిపించగానే బండి మీ చేతుల్లోకి తీసుకోండి. ఇలాంటి వేళల్లో జరిగిన 4 ప్రమాదాలపై అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2024 అక్టోబరులో విచారణ మొదలుపెట్టింది. వాటిలో ఒకదానిలో నడిచి వెళ్తున్న మనిషి చనిపోయారు. ఆ విచారణ కిందికి వచ్చిన కార్లు సుమారు 24 లక్షలు.

• ఎర్ర లైటు దగ్గరపడుతున్నా వేగం తగ్గలేదనిపిస్తే, ‘చూద్దాం’ అనుకోకుండా బ్రేకు తొక్కండి. 2025 అక్టోబరులో మొదలైన మరో విచారణ సిగ్నల్ దాటేయడం, రాంగ్ సైడ్‌లోకి మళ్లడం గురించే.

• పసుపు స్కూలు బస్సు ఆగి కనిపిస్తే కారును మీరే ఆపండి.

• రైల్వే గేటు, రోడ్డు పనులు, చేత్తో సైగ చేసే పోలీసు ఉన్న చోట మీరే నడపండి.

• ఆగి ఉన్న ఫైరింజన్‌నో అంబులెన్స్‌నో చూడగానే లేన్ మీరే మార్చండి. టెస్లాదే మరో డ్రైవింగ్ సాయమైన ఆటోపైలట్‌లో ఉన్న కార్లు ఇలాంటి బండ్లను గుద్దిన కేసులపై 2021లోనే విచారణ మొదలైంది.

• వెనకబండి మరీ ఆనుకుని వస్తుంటే ఎఫ్‌ఎస్‌డీ ఆపేయండి. ఏ అడ్డూ లేకుండానే బ్రేకు పడిందన్న ఫిర్యాదులు 2022లో విచారణ దాకా వెళ్లాయి.

• లోపలి కెమెరా హెచ్చరిస్తే మరుక్షణం రోడ్డు వైపు చూడండి.

• కునుకు పడుతుంటే బండి పక్కకు తీసి నిద్రపోండి.

అప్‌డేట్ వచ్చినప్పుడు

• కొత్త వెర్షన్‌లో ఏం మారిందో తెర మీద చదివాకే బయలుదేరండి.

• మొదటి వారం, లైసెన్సు కొత్తగా వచ్చిన కుర్రాడికి తాళాలిచ్చి పక్కన కూర్చున్నట్టు కనిపెట్టి ఉండండి. నిన్న సరిగ్గా తిరిగిన మలుపులో ఇవాళ తడబడవచ్చు.

• రికాల్ ఉందేమో 17 అక్షరాల వాహన నంబరుతో వెతకండి. 2023 ఫిబ్రవరిలో ఎఫ్‌ఎస్‌డీ బీటా ఉన్న 3,62,758 కార్లకు రికాల్ వచ్చింది. మరమ్మతు వచ్చింది మాత్రం అప్‌డేట్ రూపంలోనే.

డబ్బు రాబట్టుకోవడానికి

• ఆర్డరు పత్రం, బిల్లు, సేల్స్ వాళ్ల ఈమెయిళ్లు ఒకే చోట పెట్టండి.

• కొన్న నాటి ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసుకోండి. ప్రకటనలోని మాటలు చెప్పకుండా మారిపోతాయి.

• ఏది ఇస్తామన్నారు, ఏది ఇచ్చారు, ఏది బాకీ అని మూడు వరసల్లో రాయండి.

• కంపెనీని రాతపూర్వకంగా, గడువు పెట్టి అడగండి.

• డబ్బు వాపసు కావాలా, కంప్యూటర్ మార్చాలా, కొత్త కారుకు బదిలీ కావాలా, అందులో ఒకటే స్పష్టంగా కోరండి.

• అమెరికాలో బండి ప్రమాదకరంగా ప్రవర్తిస్తే రోడ్డు భద్రతా సంస్థ అయిన నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్‌కు, మాట తప్పితే రాష్ట్ర అటార్నీ జనరల్‌కు ఫిర్యాదు చేయండి.

• భారత్‌లో కొన్నవారు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

• వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. గడువు దాటితే ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

• చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయలు దాటితే జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లండి.

చేయకూడనివి

స్టీరింగ్ ముందు

• ఎక్కువ డబ్బు కట్టినంత మాత్రాన కారుకు ఎక్కువ కనిపిస్తుందనుకోకండి.

• పేరులో ‘ఫుల్’ ఉందని నమ్మకండి. ఆ పేరుతో కొనేవారిని తప్పుదోవ పట్టిస్తున్నారని కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ 2022లోనే అభియోగం మోపింది.

• ఆస్టిన్‌లో రోబోట్యాక్సీలు తిరుగుతున్నాయి కదా అని మీ కారూ అంతే అనుకోకండి. 2025 జూన్‌లో అవి మొదలైనప్పుడు పరిమిత ప్రాంతంలోనే తిరిగాయి, ముందు సీట్లో కంపెనీ మనిషి కూర్చున్నాడు.

• ఫోన్ కింద పడితే వంగి వెతకకండి. 2019లో ఫ్లోరిడాలోని కీ లార్గో దగ్గర, ఆటోపైలట్‌లో వెళ్తున్న ఒక డ్రైవరు చేసింది అదే. కారు స్టాప్ గుర్తును దాటుకుని వెళ్లి, రోడ్డు పక్కన ఆగి ఉన్న బండిని గుద్దింది. పక్కన నిలబడ్డ 22 ఏళ్ల అమ్మాయి ప్రాణం పోయింది.

• కంపెనీ మీద గెలిస్తే మీ తప్పు మాఫీ అవుతుందనుకోకండి. ఆ కేసులో 2025 ఆగస్టులో మయామి జ్యూరీ కంపెనీకి వేసిన వాటా 33 శాతం, మిగతాదంతా డ్రైవరుదేనని తేల్చింది.

• ఆటోపైలట్ నడుస్తుండగా యాక్సిలరేటర్ మీద కాలు ఆనించి ఉంచకండి. కాలు అక్కడ ఉన్నంతసేపు ఆటోపైలట్ బ్రేకు వేయదు.

• స్టీరింగ్‌కు బరువు కట్టకండి, నీళ్ల సీసా ఇరికించకండి. ఇందుకోసమే తయారుచేసిన ఒక పరికరం అమ్మకాన్ని 2018లో అమెరికా ప్రభుత్వం ఆపించింది.

• లోపలి కెమెరాకు టేపు అంటించకండి.

• హెచ్చరికలను పదేపదే పెడచెవిన పెట్టకండి. అలా చేస్తే కారే కొన్నాళ్లు ఎఫ్‌ఎస్‌డీని ఆపేస్తుంది.

• మందు తాగి ‘కారే తీసుకెళ్తుంది’ అని ఎక్కకండి. చట్టం దృష్టిలో తాగి నడిపింది మీరే.

• డ్రైవరు సీటు ఖాళీ చేసి వీడియో తీయకండి.

• ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ‘చూడు నాన్నా, అదే నడుస్తోంది’ అంటూ చేతులెత్తి చూపించకండి. వెనక సీటు వైపు తిరిగి మాట్లాడే ఆ రెండు సెకన్లలో, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, కారు 55 మీటర్లు దాటిపోతుంది.

• డ్రైవింగ్ నేర్చుకునే పిల్లలకు ఎఫ్‌ఎస్‌డీ పెట్టి స్టీరింగ్ ఇవ్వకండి. తప్పును పట్టుకోవాలంటే ఒప్పు ముందే తెలిసి ఉండాలి.

• ‘ఎందాకా వెళ్తుందో చూద్దాం’ అని పరీక్షలు పెట్టకండి. ఎదురుగా వచ్చేవారు ఆ పరీక్షకు ఒప్పుకోలేదు.

• రెండు వారాలు తప్పు చేయలేదని చూపు సడలించకండి. మనిషి ఏమరుపాటుకు లోనయ్యేది ఎప్పుడూ తప్పుచేసే యంత్రం దగ్గర కాదు, అరుదుగా తప్పుచేసేదాని దగ్గర.

• బయటివాళ్లు అమ్మే అన్‌లాక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించకండి, వారంటీకి ముప్పు.

మన రోడ్ల మీద

• 2025 జూలైలో మోడల్ వైతోపాటు భారత్‌లో ఎఫ్‌ఎస్‌డీకి అడిగిన 6 లక్షల రూపాయలు ఆశ మీద కట్టకండి. అమ్మకం మొదలయ్యేనాటికి అది ఇక్కడ పనిచేసే స్థితిలోనే లేదు.

• అమెరికాలో బావగారి కారు నడిచిన తీరు చూసి ఇక్కడ కొనకండి.

• ఏ కంపెనీదైనా సరే, లెవెల్ 2 సాయాన్ని గీతలు చెరిగిపోయిన రోడ్డు మీద వాడకండి.

• రాంగ్ రూట్లో వచ్చే ఆటోను, లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కును, రాత్రిపూట రోడ్డు మధ్య నిలబడ్డ గేదెను కారే చూసుకుంటుందని వదిలేయకండి.

• కోతల కాలంలో పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. అలాంటి చోట క్రూయిజ్ కంట్రోల్ కూడా పెట్టకండి.

• రంగు వేయని స్పీడ్ బ్రేకర్ల విషయంలో కెమెరాను నమ్మకండి, మనకే కనపడవు.

డబ్బు విషయంలో

• నోటిమాటతో సరిపెట్టుకోకండి.

• మీరు కారు మారిస్తే ప్యాకేజీ వెంట వస్తుందనుకోకండి; అది ముడిపడి ఉండేది కారుతో, మనిషితో కాదు.

• బదిలీ ఆఫరు పెట్టారని అవసరం లేని కొత్త కారు కొనకండి.

• తిరిగి అమ్మేటప్పుడు ప్యాకేజీకి కట్టినంతా వస్తుందని లెక్క వేసుకోకండి.

• కోపంతో లోన్ వాయిదాలు ఆపకండి. బ్యాంకుకు మీ ఎఫ్‌ఎస్‌డీ గొడవతో పనిలేదు, పోయేది మీ క్రెడిట్ స్కోరే.

• సర్వీస్ సెంటర్ కౌంటర్లో కూర్చున్న కుర్రాడి మీద అరవకండి. కంప్యూటర్ మార్చాలన్న నిర్ణయం అతని చేతిలో లేదు.

• ప్రమాదం జరిగితే ‘నేను కాదు, కారే నడిపింది’ అని అక్కడికక్కడే వాంగ్మూలం ఇవ్వకండి. వకీలును అడగండి.

• అలాగని బీమా కంపెనీ దగ్గర ఎఫ్‌ఎస్‌డీ నడుస్తున్న సంగతి దాచకండి. కారులో రికార్డు ఉంటుంది.

• డాష్‌క్యామ్ వీడియోలు చెరిపేయకండి.

• సామూహిక దావా పేరు చెప్పి ముందుగా రుసుము అడిగేవారికి డబ్బు పంపకండి.

• నష్టపరిహారం బదులు కొన్ని నెలల ఉచిత ఛార్జింగ్ ఇస్తామంటే, ‘ఇకపై ఏ దావా వేయను’ అన్న వాక్యం ఉందేమో చూడకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.