బలపపు రాయి, వెలుగు కొలత

మీ బలపమును ఒకసారి చేతిలోనికి తీసికొని చూడుడు. ఈ మెత్తని రాయి మన కర్నూలు సీమలో బేతంచెర్ల ప్రాంతమున దొరకును. ఈ జాతి రాయియే ఒకప్పుడు లండను నగరమున గ్యాసుదీపములకును, వెలుగును కొలుచుటకును సాధనమయ్యెను. ఆ పనిలో పేరుగన్నవారు సగ్ అను ఇంటిపేరుగల యంత్రకారులు. వారి వృత్తాంతమును మేమీ పాఠమున చెప్పదలచితిమి.

నేలబొగ్గును గాలి తగులకుండ మూసిన పాత్రలో మిక్కిలి కాచినయెడల మండెడు వాయువు వెలువడును. విలియం మర్డాక్ అను యంత్రకారుడు 1792 ప్రాంతమున ఇంగ్లండులోని రెడ్రూత్ పట్టణమందు తన యింటిలో ఈ వాయువుతో దీపము వెలిగించెను. 1807లో విన్సర్ అను జర్మను దేశీయుడు లండనులోని పాల్‌మాల్ వీథిలో ఇట్టి దీపములను ప్రజలకు చూపెను. ఆనాటి గొట్టముల పనిలో తమ పూర్వికుడు తామస్ సగ్ పాల్గొనెనని ఆ కుటుంబమువారు చెప్పుకొందురు. వారి సంస్థ 1837లో ఆరంభమయ్యెను. దానికి గొప్ప పేరు తెచ్చినవాడు విలియం సగ్.

గ్యాసు వెలువడి మండెడు చోటిని బర్నరు అందురు. తొలుత దానిని ఇనుముతో చేయుచుండిరి. ఇనుము తుప్పుపట్టి రంధ్రములు కొన్ని మూసికొనిపోయెడివి, కొన్ని పెద్దవయ్యెడివి. అదియుగాక, మంటకు వెలుగు అందు కాగి మెరసెడు సన్నని మసిరేణువులవలన కలుగును. ఇనుము వేడిమిని లాగికొనుటచే మంట చల్లబడి వెలుగు తగ్గెడిది. అప్పుడు ఇంటివాడు గ్యాసు చెడ్డదనును. కంపెనీవారు నీ దీపమే చెడ్డదందురు. న్యాయమెవరిదో తేలుటెట్లు?

బలపపు రాయి ఇందుకు మార్గము చూపెను. మెత్తనిది గనుక దానికి సన్నని రంధ్రములు తొలుచుట సులభము. పిమ్మట కొలిమిలో కాల్చినచో అది గట్టిపడును. తుప్పుపట్టదు, వేడిమిని అంతగా లాగికొనదు. ఇట్టి రాతితో విలియం సగ్ 24 రంధ్రములుగల గుండ్రని బర్నరును నిర్మించెను. దానికి లండను ఆర్గాండు అని పేరు.

1868లో చేయబడిన లండను నగర గ్యాసు చట్టమును బట్టి గ్యాసును పరీక్షించు పద్ధతిని నిర్ణయించుటకు మధ్యవర్తులు నియమింపబడిరి. వారు సగ్ బర్నరునే పరీక్షకు ప్రమాణముగా గైకొనిరి. గంటకు 5 ఘనపుటడుగుల గ్యాసు దానియందు కాల్చి, ఆ వెలుగును తిమింగిలపు మైనముతో చేసిన క్రొవ్వొత్తుల వెలుగుతో పోల్చెడివారు. ఆ వత్తి గంటకు 120 గ్రెయినులు కరగవలెను. సామాన్యపు గ్యాసు 16 వత్తుల వెలుగునీయవలెనని తరువాతి చట్టము విధించెను.

ఇచ్చట మీరొక సంగతి గమనింపవలెను. ఆ రంధ్రములు వెండ్రుకవాసి తప్పినయెడల కొలత తప్పును. కొలత తప్పినచో కంపెనీకో, ప్రజలకో అన్యాయము జరుగును. ఇరుపక్షములవారును నమ్మదగిన వస్తువును చేయుట సామాన్యమైన పని కాదు.

అయినను కాలము మారెను. 1885లో ఆవర్ ఫన్ వెల్స్‌బాఖ్ అను శాస్త్రజ్ఞుడు మాంటిలును కనిపెట్టెను. అందు నూటికి 99 వంతులు థోరియపు భస్మము, 1 వంతు సీరియపు భస్మము కలిపినచో మంచి వెలుగు వచ్చునని పిమ్మట తేలెను. ఇక మంట స్వయముగా వెలుగవలసిన పనిలేదు. మాంటిలును కాచిన చాలును. ప్రకాశించు మంటను సాధించుటకై సగ్‌వారు చేసిన కృషి యంతయు పాతబడిపోయెను. వారు దానికై దుఃఖించుచు కూర్చుండక మాంటిలు దీపములు చేయ నేర్చికొనిరి. రోచెస్టరు అను వారి వీథిదీపము ప్రసిద్ధి గాంచెను.

థోరియమునిచ్చు మోనజైటు ఇసుక 1909లో తిరువాన్కూరు తీరమున కనుగొనబడెను. మన గ్రామములలో పెండ్లి ఊరేగింపులందు వెలిగిన పెట్రోమాక్సు దీపములకు కట్టినదియు ఇట్టి మాంటిలే.

విద్యుద్దీపములు వచ్చినను లండనులో నేటికిని వేయికి పైగా గ్యాసుదీపములు వెలుగుచున్నవి. పనియందు నిజాయితీ, నేర్చినది పాతబడినప్పుడు క్రొత్తది నేర్చు వినయము: ఈ రెండును ఆ కుటుంబమునుండి మనము గ్రహింపదగినవి.

అభ్యాసము: ఒక ఇనుపమేకును, ఒక బలపమును తడిగుడ్డలో చుట్టి మూడు దినములుంచుడు. పిమ్మట విప్పి, చూచినది చూచినట్లు వ్రాయుడు.