ఎక్స్‌పోర్ట్ చెయ్యనిది పిల్లకు అందదు

కోవిల్‌పట్టి

చిరంజీవి మేనల్లుడికి,

విరుదునగర్ పప్పుల మండీలో రోజూ ధరల పట్టిక తీసే నీ స్క్రిప్టు చదివాను. పని శ్రద్ధగా చేశావు. అయితే మొదటి స్క్రిప్టులో ఫోల్డర్ పేరును ఒక వేరియబుల్‌లో పెట్టి, అక్కణ్ణించి రెండో స్క్రిప్టును పిలిచావు. దానికి ఆ పేరు అందలేదు. ఖాళీ పేరు వెనక ఏటవాలు గీత (స్లాష్), గీత వెనక ఫైలు పేరు మిగిలాయి. పట్టిక రూట్ డైరెక్టరీలో పడబోయి ‘పర్మిషన్ డినైడ్’ అని ఆగింది. ఆగడమే మేలైంది. అదే చోట ఫోల్డర్‌లోని పాతవన్నీ లోపలి ఫోల్డర్లతో సహా చెరిపే ఆర్‌ఎమ్ ఉండి, రూట్ అధికారంతో నడిచి ఉంటే మెషీన్‌లో ఏమీ మిగిలేది కాదు.

షెల్‌లో వేరియబుల్‌కు విలువ ఇస్తే అది ఆ షెల్ వరకే. ఎక్స్‌పోర్ట్ అన్నాకే ఎన్విరాన్‌మెంట్‌లో చేరి, తర్వాత నడిపే ప్రతి ప్రోగ్రాముకూ వెళ్తుంది. 1979 నాటి ఏడో ఎడిషన్ యునిక్స్‌లో స్టీవెన్ బోర్న్ షెల్ వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి.

వెళ్లేది నకలే నాయనా. లారీతో పంపిన కార్బన్ కాపీ మీద డ్రైవరు ఏం దిద్దినా కొట్లో బిల్లు పుస్తకం మారదు కదా! షెల్ నడిపిన ప్రోగ్రాము, అంటే పిల్ల ప్రాసెస్, ఏం మార్చుకున్నా దాన్ని నడిపిన తల్లి షెల్‌కు చేరదు. నీ సెట్టింగుల ఫైలును మామూలుగా నడిపితే ఫలితం లేనిది అందుకే. సోర్స్ కమాండుతో చదివించు, అదే షెల్‌లో నడుస్తుంది. అలాగే పైపు తర్వాతి వైల్ లూప్‌లో కూడిన బస్తాల మొత్తం బయటికొచ్చాక సున్నా అవుతోందన్నావు. నీ షెల్ అయిన బాష్ ఆ లూప్‌ను సబ్‌షెల్ అనే పిల్ల ప్రాసెస్‌లో నడుపుతుంది, లెక్క అక్కడే పోతుంది.

టెర్మినల్‌లో నడిచేది రాత్రి, వేళకు ప్రోగ్రాములు నడిపే క్రాన్‌లో నడవకపోవడం కూడా ఈ కోవలోదే. క్రాన్ పుట్టించే ప్రాసెస్‌కు తల్లి క్రానే, నీ లాగిన్ షెల్ కాదు. నీ బాష్‌ఆర్‌సీని అది చదవదు. కావలసిన పాత్‌ను స్క్రిప్టు మొదట్లోనే రాయి.

అలాగని అన్నిటినీ ఎక్స్‌పోర్ట్ చెయ్యకు. డేటాబేస్ పాస్‌వర్డును ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ తర్వాత నడిచే ప్రోగ్రాములన్నిటి చేతికీ ఇచ్చినట్టే. 2014 సెప్టెంబరులో బయటపడిన షెల్‌షాక్ అనే బాష్ లోపాన్ని గుర్తుపెట్టుకో. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఫంక్షన్ వెనక తగిలించిన కమాండును బాష్ మొదలవుతూనే నడిపేసేది. వెబ్ సర్వర్లకు బయటివాళ్లు పంపిన మాటలు సీజీఐ ద్వారా అదే దారిలో లోపలికి వచ్చాయి.

రెండు స్క్రిప్టుల పైనా ‘సెట్ మైనస్ యు’ పెట్టు, విలువ ఇవ్వని పేరు తగలగానే ఆగిపోతుంది. తర్వాత క్రాన్‌లో ఒకసారి, ఎన్విరాన్‌మెంట్‌ను చూపించే ఎన్వ్ కమాండు నడిపి, వచ్చిందంతా ఫైల్లో పట్టి, పాస్‌వర్డులు తీసేసి నాకు పంపు. ఆదివారం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య