పరిస్థితి నెఱిగిన నిర్ణయము

మానవుడు ప్రతిదినము ఎన్నియో నిర్ణయములు చేయుచుండును. వానిలో కొన్ని ఫలించును, కొన్ని వికటించును. నిర్ణయము వికటించినపుడు తెలివి చాలలేదనియో, శ్రద్ధ లోపించినదనియో మనము తలంతుము. కాని తెలివియు శ్రద్ధయు గలవారి నిర్ణయములు కూడ ఒక్కొక్కప్పుడు చెడుచుండును. పరిస్థితి ఒక విధమైనది, దానికై ఎన్నుకొన్న పద్ధతి మఱియొక విధమైనది యగుటయే దీనికి ముఖ్య కారణము. రోగమొకటి, మందొకటి యైనచో ఫలమేమి?

డేవ్ స్నోడెన్ అను వేల్సు దేశీయుడు 1999 ప్రాంతమున ఈ విషయమును విచారించి, పరిస్థితులను కొన్ని తెగలుగా విభజించెను. వానిలో మూడింటిని ఇచట తెలిసికొందము. అవి సరళమైనవి, జటిలమైనవి, అల్లకల్లోలమైనవి. ఈ మూడింటిని మూడు చోట్ల వెదుక నక్కఱలేదు. ఒక్క అతిసార చికిత్స చరిత్రలోనే మూడును కానవచ్చును.

వాంతులు, విరేచనములు అధికమైనపుడు దేహములోని నీరును లవణములును వెడలిపోవును. పసిబిడ్డలు కొన్ని గంటలలోనే సొమ్మసిల్లి ప్రాణాపాయస్థితికి వత్తురు. పోయిన నీటిని, లవణములను మరల దేహమున కందించుటయే ప్రధానమైన చికిత్స. ఉప్పుతో పాటు తగినంత చక్కెర యున్నచో చిన్న ప్రేవులు ఆ ఉప్పును, దానితో నీటిని చక్కగా పీల్చుకొనును. ఈ రహస్యమును శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. కాని అది ప్రజలకు చేరిన విధము మిక్కిలి ఆసక్తికరమైనది.

1971లో తూర్పు పాకిస్తానులో, అనగా నేటి బంగ్లాదేశములో, యుద్ధము చెలరేగెను. లక్షలకొలది జనులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాలునకు వచ్చిరి. శరణార్థుల శిబిరములలో కలరా వ్యాపించెను. బన్‌గావ్ ఆసుపత్రికి డాక్టరు దిలీప్ మహలనబీస్ చేరునప్పటికి మంచములు చాలక రోగులు నేలపై పడియుండిరి. రక్తనాళములలోని కెక్కించు సెలైను త్వరత్వరగా నిండుకొనుచుండెను. నోటితో త్రాగించు ద్రావణము ఒకటి కలదని ఆయన ఎఱుగును. కాని అంతవఱకు దానిని ఆసుపత్రులలో వైద్యుల కనుసన్నలలోనే వాడి చూచిరి. వైద్యము తెలియనివారి చేతి కిచ్చినచో ఏమగునో ఎవ్వరును రూఢిగా చెప్పజాలకుండిరి. విచారణకు వ్యవధి లేదు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వ నారంభింతుమా?

ఆయన కలకత్తాలో గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూచి పొట్లములు కట్టించెను. బన్‌గావ్‌లో వానిని డ్రమ్ములలోని నీట కలిపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించెను. అంతటితో ఊరకుండక, ఫలితములను లెక్క వ్రాయించెను. నూటికి 30 వఱకు నుండిన మరణములు ఈ ద్రావణము వాడిన పిమ్మట నూటికి 4 కంటె తగ్గెను.

ఇది అల్లకల్లోలమైన పరిస్థితి. ఇందు మొదట కావలసినది కార్యము. ప్రాణనష్టమును ఆపగల పనిని వెంటనే చేసి, పిదప ఫలమును కనిపెట్టి, దానినిబట్టి తరువాతి అడుగు వేయవలెను. అయితే ఇది గ్రుడ్డి సాహసము కాదు. మహలనబీస్ అంతకు కొన్ని యేండ్ల ముందునుండియు ఈ చికిత్సనే పరిశీలించుచుండెను.

మందు దొరకినది గదా, ఇక కష్టము తీరినదని తలపవచ్చును. కాని గ్రామములలోని తల్లులకు దానిని నేర్పువారెవరు? బంగ్లాదేశములోని బ్రాక్ అను సంస్థ 1980లో ఈ పనికి పూనుకొనెను. సంస్థకు చెందిన స్త్రీలు ఇంటింటికి వెళ్లి, మూడు వ్రేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, అర సేరు నీరు కలుపుట నేర్పిరి. తల్లులు ఆ పాఠమును చక్కగా అప్పగించిరి. కాని బిడ్డకు జబ్బు చేసినపుడు ఆ నీటిని కలిపి త్రాగించినవారు మిక్కిలి తక్కువ!

సంస్థవారు తల్లులను నిందింపలేదు. కారణమును వెదకిరి. పాఠము చెప్పినవారిలోనే పలువురకు ఆ నీటిపై నమ్మకము లేదని తెలియవచ్చెను. అంతట వారికి ఆ నీరు పనిచేయు విధమును విశదముగా బోధించిరి. తల్లుల యెదుట ముందు తామే త్రాగి చూపుమనిరి. ఇంటి మగవారికి తెలియనిదే ఆచరణ సాగదని గ్రహించి, అంగళ్లలోను, మసీదులలోను, బడులలోను చెప్పిరి. ఇట్లు దిద్దుకొనుచు 1990 నాటికి 1 కోటి 20 లక్షలకు పైగా ఇండ్లకు ఆ పాఠమును చేర్చిరి.

ఇది జటిలమైన పరిస్థితి. మనుష్యుల నమ్మకములు, అలవాట్లు, భయములు ఇందు ఒకదానితో నొకటి పెనవేసికొనియుండును. ఏది ఫలించునో ముందుగా తెలియదు. కొద్దిపాటి ప్రయత్నము చేసి, ఓపికతో గమనించి, తప్పును దిద్దుకొనుచు ముందునకు సాగవలెను.

నేడు ఆ ద్రావణపు పొట్లములు ఆరోగ్యకేంద్రములలో లభించుచున్నవి. పొట్లము దొరకనిచో ఒక లీటరు శుభ్రమైన నీటిలో, అంచుకు సమముగా కొలిచిన 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, మాటిమాటికి కొంచెము కొంచెముగా త్రాగింపవచ్చును. ఇది సరళమైన పరిస్థితి. కారణము తెలియును, మార్గము తెలియును. నియమమును తప్పక పాటించుటయే మన పని. ఇందు సొంత ప్రయోగములు కూడవు. ఉప్పు హెచ్చినచో బిడ్డకు కీడు కలుగును. అయినను కన్ను మూసికొని యుండరాదు. బిడ్డ తేరుకొననిచో, మగతగా నున్నచో, పరిస్థితి మాఱినదని గ్రహించి వెంటనే వైద్యుని కడకు కొనిపోవలెను.

విద్యార్థులారా! చికిత్స ఒక్కటియే, కాని మూడు తావులలో మూడు పద్ధతులు వలసివచ్చెను. వీనిని తాఱుమాఱు చేసి చూడుడు. మహలనబీస్ పరీక్షలన్నియు ముగియువఱకు వేచియున్నచో ఎందఱు మరణించి యుందురో! బ్రాక్ సంస్థవారు చెప్పిన పాఠమునే మరల మరల చెప్పుచుండినచో తల్లులు దానిని అప్పగించుచునే యుందురు, బిడ్డలు మరణించుచునే యుందురు. నేడొక తల్లి ఉప్పును తోచినట్లు వేసినచో బిడ్డకే ముప్పు. కావున ఏ కార్యమునందైనను "ఏమి చేయుదును?" అనుటకు ముందు "ఇది యెట్టి పరిస్థితి?" అని ప్రశ్నించుకొనుడు. మార్గము తెలిసినదైనచో పాటింపుడు. తెలియనిదై వ్యవధి యున్నచో కొద్దిగా ప్రయత్నించి, గమనించి, దిద్దుకొనుడు. అపాయము ముంచుకొనివచ్చినచో ముందు దానిని ఆపుడు, పిదప ఆలోచింపుడు.

ప్రశ్నలు

1. బన్‌గావ్‌లో మహలనబీస్ ఎదుర్కొన్న చిక్కు లెవ్వి? ఆయన చేసిన పని గ్రుడ్డి సాహసము ఏల కాదు?
2. తల్లులు పాఠమును అప్పగించియు ఆచరింపకపోవుటకు కారణ మేమి? దానిని సంస్థవారు ఎట్లు సరిదిద్దిరి?
3. మీ గ్రామమున గాని, పాఠశాలలో గాని జరిగిన ఒక సంఘటనను తీసికొని, అది యే తెగకు చెందినదో వివరింపుడు.